కిరాయి ఇల్లైతే మాత్రం మన కూర మనం పండించుకోలేమా?

హన్మకొండ, కాజీపేట వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ బాగా తిరుగుతోంది. కిరాయికి ఉండేవాళ్లు ఆకుకూరతో సహా అన్నీ కొనుక్కోవాల్సిందేనట. ఓనరు కుండీ కూడా పెట్టనివ్వడట. పెట్టిన ఖర్చు ఇల్లు మారగానే నీళ్లపాలట. అందుకని ముందు లోన్ తీసుకుని ఇల్లు కొనాలట. కొత్తగా కాపురం పెట్టిన పిల్లలు ఇది చదివి నిజమే అనుకుంటున్నారు. నాకు బాధనిపించి రాస్తున్నాను.

ముందు ఓనరు సంగతి. ఓనర్లకు మొక్కల మీద కోపం ఉండదు, స్లాబు కోసం భయపడతారు. అందులో న్యాయం ఉంది. 20 లీటర్ల పెయింటు బకెట్ నిండా తడి మట్టి పోస్తే 30 కిలోల పైనే తూగుతుంది, కింద చెమ్మ నిలుస్తుంది. అందుకే మట్టిలో సగం కొబ్బరి పొట్టు కలపండి, పశువుల ఎరువు వెయ్యండి. బకెట్లను డాబా నడుమ కాకుండా పిట్టగోడ వెంబడి ఇటుకల మీద నిలపండి. గాలి ఆడి స్లాబు ఆరుతుంది. ఈ మాటలన్నీ అడ్వాన్స్ ఇచ్చే రోజే ఓనరుతో చెప్పుకోవాలి. అయినా వద్దంటే ఎండ తగిలే కిటికీ దగ్గర మెంతికూర, పుదీనా వస్తాయి.

ఖర్చు నీళ్లపాలు అన్నది అస్సలు నిలవదు. బకెట్లు, గ్రీన్ నెట్, నీళ్ల డ్రమ్ము అన్నీ ట్రాలీ ఆటోలో మనతోనే వస్తాయి. కరెంటు ఆదా కోసం కొనే కొత్త ఫ్యానూ అంతే. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యానుకు 30 చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఇల్లు మారే రోజు విప్పుకుని పోవడమే.

నాలుగు బకెట్లతో ఇల్లు గడుస్తుందా అని కూడా ఆ మెసేజ్‌లో అడిగారు. గడవదు. బియ్యం, పప్పు, నూనె కొనాల్సిందే. కానీ ఆకుకూర వేరు. పోపుడబ్బాలోని మెంతులు చల్లితే మూడు, నాలుగు వారాల్లో కూర చేతికొస్తుంది. పాలకూరను వేళ్లతో సహా పీకకుండా రెండంగుళాలు వదిలి కోస్తే మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. పుంటికూర (గోంగూర) కూడా అంతే. బజారులో కొన్న పుదీనా కట్టలోంచి ముదురు కాడలు తీసి గుచ్చితే బతుకుతాయి. కోతులు తిరిగే గల్లీల్లో మాత్రం టమాట జోలికి పోవద్దు, లేదంటే వల కట్టాలి.

మే నెల ఎండకు ఆకుకూర మాడిపోతుంది, నిజమే. ఆ ఎండ ఇంకో పనికొస్తుంది. ఎండాకాలం వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వస్తుంది. ఘాటుకు తేజ రకం, రంగుకు చపాటా రకం కొనండి. మన వరంగల్ చపాటాకు 2025లో జీఐ గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. తొడిమలు తీసి డాబా మీద పరిచి, విరిస్తే పుటుక్కుమనేదాకా ఎండనివ్వాలి. తడి మిగిలితే కారం పురుగు పడుతుంది. గిర్నిలో పట్టించి జాడీకెత్తితే ఏడాదంతా ప్యాకెట్ కారం అక్కర్లేదు. చల్ల మిరపకాయలు, వడియాలు కూడా ఆ ఎండలోనే అవుతాయి. ఇదంతా వచ్చిన చెయ్యి ఏ ఇంటికి పోయినా మనతోనే ఉంటుంది, దానికి పట్టా అక్కర్లేదు.

కొన్నింటికి సొంతిల్లు కావాల్సిందే, కాదనను. బోరు, ఇంకుడు గుంత, మామిడి చెట్టు మన చేతిలో ఉండవు. 2024లో వచ్చిన పీఎం సూర్య ఘర్ సోలార్ సబ్సిడీ కూడా సొంత పైకప్పు ఉన్నవాళ్లకే.

ఇక లోన్ మాట. 8.5 శాతం వడ్డీకి 30 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే నెల కిస్తు సుమారు 26 వేలు, మొత్తం కట్టేది 62 లక్షల పైనే. కిరాయి బరువైతే చిన్నింటికి మారొచ్చు, ఊరికి పోవచ్చు. కిస్తుకు ఆ వెసులుబాటు లేదు. రెండు నెలలు జీతం ఆగితే బ్యాంకు నోటీసు వస్తుంది. ఒకరి మీద ఆధారపడకుండా బతకాలనుకునే కుటుంబానికి మొదటి మెట్టుగా ఈ అప్పును చూపించడం నాకు అన్యాయంగా తోస్తోంది.