రెండో రోజే డెక్సా

ఊళ్లో ఆర్‌ఎంపీ బాబాయ్. ఆయన అన్న కూతురు సిటీలో ఐసీయూ డాక్టరు. సెలవుకొచ్చి, జ్వరమొచ్చి రెండు రోజులే అయిన కుర్రాడికి ఆయన డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) ఇంజెక్షన్ వేయడం చూసింది.

అమ్మాయి: ఊపిరి బాగానే ఆడుతోంది కదా బాబాయ్, వాడికి డెక్సా ఎందుకు?

బాబాయ్: సాయంత్రానికి లేచి తిరుగుతాడు చూడు. కరోనాలో ప్రాణాలు నిలబెట్టింది ఈ చవక మందే. ఆక్స్‌ఫర్డ్ వాళ్లే చెప్పారుగా!

అమ్మాయి: ఎవరికి ఇవ్వమన్నారో అది వదిలేశావు. 2020లో బ్రిటన్ ఆసుపత్రుల్లో 6 వేల మందికి పైగా రోగుల మీద చూశారు. రోజుకు 6 మిల్లీగ్రాములు, ఎక్కువలో ఎక్కువ 10 రోజులు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో నెల తిరక్కుండా పోయినవాళ్లు నూటికి 41 నుంచి 29కి తగ్గారు. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లలో మాత్రం మందు ఇవ్వకపోతే 14, ఇస్తే 18. ఆ తేడా కాకతాళీయమే అనుకో, లాభమైతే లేదు. మొదటి వారం ఒంట్లో పెరిగేది వైరస్, దాంతో పోరాడేది మన ఇమ్యూనిటీ. రెండో వారంలో కొందరికి ఆ ఇమ్యూనిటీయే కట్టు తప్పి ఊపిరితిత్తుల మీద పడుతుంది. డెక్సా పని అప్పుడు. దొంగ ఇంట్లో ఉండగానే కుక్కను కట్టేస్తావా?

బాబాయ్: 2021 మేలో ఎదురింటి తాతకు ఆక్సీమీటర్ 84 చూపించిన రాత్రి ఈ లెక్కలెక్కడ పోయాయి? 108కి చేస్తే బెడ్డు లేదన్నారు. మీ టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ 40 వేలు, అదీ దొరకలేదు. సెల్‌ఫోన్ లైటులో సూది వేశా. ఇప్పుడు పొలం పోతున్నాడు.

అమ్మాయి: 84 ఉన్న మనిషికి నేనూ అదే ఇస్తా. కానీ ఆ నెల జ్వరమన్న ప్రతివాడికీ ఇచ్చావు, షుగర్ కూడా చూడకుండా.

బాబాయ్: బ్లాక్ ఫంగస్ నావల్లే వచ్చిందా? మీ పెద్దాసుపత్రులు పోసినంత స్టెరాయిడ్ నేను పోశానా?

అమ్మాయి: వాళ్లూ పోశారు, కాదనను. స్టెరాయిడ్‌తో షుగర్ పెరిగినవాళ్లనే ఆ ఫంగస్ ఎక్కువగా పట్టింది. కోఠి ఈఎన్‌టీ వార్డులు ఊరికే నిండలేదు. కానీ ఇది వానాకాలం. వాడిది డెంగీ అయితే? అందులో అసలు గండం జ్వరం తగ్గాకే. నీ డెక్సాకు ఒళ్లు చల్లబడితే, బాగైపోయిందని తల్లి ఇంట్లోనే పడుకోబెడుతుంది. ప్లాస్మా రక్తనాళాల్లోంచి కారిపోతున్నా ఎవరూ చూడరు.

బాబాయ్: నువ్వు రెండ్రోజులుండి పోతావు. అర్ధరాత్రి తట్టేది నా తలుపే.

అమ్మాయి: అందుకేనా బోర్డు మీద 'డాక్టర్' అని రాయించుకున్నావు?

బాబాయ్: పెయింటర్ రాసేశాడు.

అమ్మాయి: పదేళ్లయినా చెరపలేదు!

బాబాయ్: నీ ఎంబీబీఎస్ ఫీజులో సగం కట్టింది ఆ బోర్డే. అప్పుడు అక్షరాలు కనబడలేదా?

అమ్మాయి: ...అది వేరే సంగతి. డెంగీ టెస్టు, ప్లేట్‌లెట్లు రాసిస్తా. కాగితం ఇవ్వు.

బాబాయ్: నీ లెటర్‌ప్యాడ్ తెచ్చుకో. నాదాని మీదా 'డాక్టర్' అనే ఉంది.