చాగోస్: బేస్‌కి ఉన్న డబ్బు మనుషులకి లేదా?

హిందూ మహాసముద్రంలో బ్రిటన్ చేతిలో ఉన్న చాగోస్ దీవుల ఒప్పందం మీద 2025 మే 22న బ్రిటన్ ప్రధాని స్టార్మర్, మారిషస్ ప్రధాని రామ్‌గూలామ్ సంతకాలు పెట్టేశారు. దాని ప్రకారం దీవులు మారిషస్‌కి, వాటిలో డీగో గార్సియా దీవిలో ఉన్న బ్రిటన్-అమెరికా మిలిటరీ బేస్ మాత్రం ఇంకో 99 ఏళ్లు బ్రిటన్ చేతిలోనే. అందుకు బ్రిటన్ మారిషస్‌కి కట్టాల్సింది సగటున ఏడాదికి 101 మిలియన్ పౌండ్లు, మొదటి మూడేళ్లయితే ఏటా 165 మిలియన్లు. అప్పుడు లండన్‌లో గొడవంతా ఈ లెక్క మీదే, ప్రభుత్వం మొత్తం 3.4 బిలియన్లంటే ప్రతిపక్షం 30 బిలియన్లు దాటుతుందంది.

మా కడుపుమంట ఆ తేడా గురించి కాదు. 2016 నవంబర్‌లో ఇదే లండన్, చాగోస్ జనాన్ని సొంత దీవులకి తిరిగి వెళ్లనిచ్చేది లేదని చెప్పేసింది, చూపించిన కారణాల్లో ఒకటి బ్రిటిష్ ట్యాక్స్‌పేయర్ మీద పడే ఖర్చు! అప్పుడు భారమైన ఖర్చు ఇప్పుడు 99 ఏళ్ల పాటు ఎలా తేలికైపోయింది?

అసలు మొదట్నుంచీ ఇదే వరస. 1965లో, అప్పటికి తమ వలసే అయిన మారిషస్ నుంచి ఈ దీవుల్ని విడదీయడానికి దానికి 3 మిలియన్ పౌండ్లు ఇచ్చారు, బేస్ ఇచ్చినందుకు అమెరికా దగ్గర పొలారిస్ అణు మిసైళ్ల మీద 14 మిలియన్ డాలర్ల తగ్గింపు తెచ్చుకున్నారు, 1973 కల్లా జనం మొత్తాన్ని ఖాళీ చేయించారు. వాళ్లు పెంచుకున్న కుక్కల్ని కొబ్బరి ఎండబెట్టే షెడ్లో పెట్టి మిలిటరీ బండ్ల పొగ పట్టించి చంపారు. 1982లో పరిహారం అని 4 మిలియన్ పౌండ్లు ఇస్తూ, క్రియోల్ తప్ప ఇంకో భాష రానివాళ్ల చేత ఇంగ్లీషు కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు, తిరిగి వెళ్లే హక్కు వదులుకుంటున్నామని ఆ కాగితాల్లో రాసుంది.

బేస్ లేకపోతే భద్రతకి ముప్పనీ, బ్రిటన్ అక్కడి పాలన వదులుకోవాలని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పాక ఇంకో దారి లేదనీ అంటున్నారు. దీవులు మారిషస్‌కి ఇవ్వడం న్యాయమే, కాదనం. కోరంగి రేవు నుంచి కూలీలుగా వెళ్లిన మనవాళ్ల మనవలు కూడా ఉన్న దేశం అది. కానీ బేస్ కోసం ఇన్ని వందల మిలియన్లు దొరికినప్పుడు మనుషుల కోసం ఎందుకు దొరకవు?

ఈ ఒప్పందంలో చాగోస్ జనానికి దక్కింది 40 మిలియన్ పౌండ్ల ట్రస్ట్ ఫండ్, అదీ మారిషస్ ప్రభుత్వం చేతిలో. డీగో గార్సియా తప్ప మిగతా దీవుల్లో మారిషస్ వాళ్లకి మళ్లీ ఇళ్లూ వాకిళ్లూ ఏర్పాటు చేయొచ్చు అని రాశారు, చేసి తీరాలి అని ఎక్కడా లేదు. సంతకాల రోజు తెల్లవారుజామున డీగో గార్సియాలో పుట్టిన ఇద్దరు మహిళలు కోర్టు నుంచి స్టే తెచ్చుకుంటే మధ్యాహ్నానికల్లా అది ఎత్తేశారు, ఆ వెంటనే సంతకాలు అయిపోయాయి.

సంతకాలు అయ్యేనాటికి ఒప్పందం ఇంకా పార్లమెంట్ గడప దాటాల్సి ఉంది. ఇప్పటికైనా బ్రిటన్ ప్రభుత్వం చాగోస్ జనాన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. ఖర్చు అనే మాట వాళ్ల ముందు ఇంకోసారి ఎత్తే అర్హత మాత్రం లండన్‌కి లేదు.