సినిమా హాలు కుర్చీ చేతికి ఒక చేతి ఉత్తరం

మహారాజశ్రీ కుర్చీ చెయ్యి గారికి,
బాల్కనీ, ఎఫ్ వరస, 11కీ 12కీ మధ్య.

ఉభయకుశలోపరి. 2025 ఫిబ్రవరి 2, ఆదివారం పొద్దున తొమ్మిది గంటల ఆటకి మీ పక్కన కూర్చున్న ఎఫ్-12ని నేను. మీకు గుర్తుండకపోవచ్చు. రోజుకి నాలుగాటల చొప్పున మీ మీద ఎన్ని మోచేతులు వాలుంటాయో. నా మోచెయ్యి మాత్రం మిమ్మల్ని మరిచిపోలేదు. మీ అంచున ఊడొచ్చిన రేకు గీరిన చోట చిన్న మచ్చ ఇంకా ఉంది.

అసలు సంగతికొస్తాను. మీరు ఎవరి వాటా? నా టిక్కెట్టు మీద ఎఫ్-12 అని ఉంది. ఎడం పక్కాయన టిక్కెట్టు మీద ఎఫ్-11 అని ఉంది. మీ ఊసు ఏ టిక్కెట్టు మీదా లేదు. పొలానికైతే సర్వే నంబరుంటుంది, హద్దు రాయి ఉంటుంది, ఎవడైనా గట్టు జరిపితే మండలాఫీసుకి పోయి అర్జీ పెట్టుకోవచ్చు. మీకు అడంగల్ లేదు, పాసుబుక్కు లేదు. ఎవడి మోచెయ్యి ముందు పడితే వాడిదే సాగు. లైట్లు ఆరకముందు లెక్కపెట్టాను. మా వరసలో 20 కుర్చీలు, 21 చేతులు. గోడ పక్కదీ నడవ పక్కదీ సొంత పట్టా. తక్కిన 19 ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి ఆస్తి అన్నాక ఏమవుతుందో మా ఇంట్లో మూడు తరాలుగా చూస్తున్నాం.

మామూలు సినిమా అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఫైటింగులొస్తే జనం వేళ్లు నోట్లో పెట్టుకుని ఈలలేస్తారు, కామెడీకి తొడలు చరుచుకుంటారు, సెంటిమెంటు వస్తే ఫోను చూసుకుంటారు. మీతో ఎవరికీ పని పడదు. సంగీతం సినిమాతోనే చిక్కు. పాట మొదలైతే ప్రతివాడికీ చెయ్యి దురద పెడుతుంది, ఆ దురద తీర్చుకోవడానికి ఒక చెక్క కావాలి. ఆ రోజు ఆడింది ‘శంకరాభరణం’. 1980లో అదే తేదీన విడుదలైంది. 2023లో సరిగ్గా అదే తేదీన దర్శకుడు కె. విశ్వనాథ్ కన్నుమూశారు. ఆ రెండిటికీ గుర్తుగా మా ఊరి సంగీత సభ వాళ్లు హాలు మాట్లాడి ఒక్క ఆట వేయించారు. ఒక్క ఆటే కావడంతో ఊరు ఊరంతా ఎగబడింది. బాల్కనీ మెట్ల మీద మోకాళ్ల నొప్పుల వాళ్లు ఆగి ఆగి ఎక్కుతుంటే కిందిదాకా జనమే. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు ఒక పెద్దావిడ సంచిలోంచి పులిహోర డబ్బా పైకి తీశాడు. ఆవిడ వాడికి బీపీ గురించి, టైముకి తినడం గురించి పది నిమిషాలు చెప్పింది. చివరికి డబ్బా లోపలికి పోయింది, కుర్రాడి నోట్లో ఒక ముద్ద ఉంది.

మా నాన్న ఈ సినిమాని కొత్తలోనే చూశాడు. హీరో లేడు, ఫైటింగు లేదు, ఎవరో ముసలాయన పాటలు పాడతాడట అని మొదటి వారం మా ఊళ్లో ఎవరూ కదల్లేదట. ఆ తర్వాత టిక్కెట్లు దొరక్క తాను నేలలో కూర్చుని చూశానని చెబుతుంటాడు. నేల టిక్కెట్టుకి కుర్చీయే లేదు, ఇక చెయ్యెక్కడిది? తగాదా లేని కాలం.

ఇక ఎఫ్-11. తెల్ల పంచె, నలగని లాల్చీ, భుజాన కండువా, డెబ్బై దాటిన మనిషి. కూర్చుంటూనే, “బాబూ, ఈ సీటులో స్ప్రింగు దిగిపోయినట్టుందే” అన్నారు. “అవునండీ మాస్టారూ” అన్నాను. ఆయన మాస్టారో కాదో నాకు తెలీదు. మా వైపు పంచె కట్టి నిటారుగా కూర్చున్న ప్రతి మనిషీ మాస్టారే. అదీ మా పరిచయం. లైట్లు ఆరాయి. ఆక్రమణ మొదలైంది.

ఆది తాళం గురించి నేను మీకు చెప్పాలా, మీ వీపు మీదే కదా పడింది. ముందు అరచేత్తో ఒక దెబ్బ. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. అక్కడికి నాలుగు. మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పు. ఇంకో దెబ్బ, చెయ్యి తిప్పు. మొత్తం ఎనిమిది. దెబ్బలతో నాకు పేచీ లేదు, వేళ్లతోనూ లేదు, అవి ఆయన సగంలోనే పడుతున్నాయి. తిప్పడం దగ్గరే వచ్చింది. ఆయన కుడి చెయ్యి వెల్లకిలా తిరిగి నేరుగా నా సగంలో వాలుతోంది. ఎనిమిదిలో రెండుసార్లు. ఎంత మర్యాదగా లెక్కేసినా 25 శాతం కబ్జా. అదీ పాట పొడవునా, క్రమం తప్పకుండా, తర్వాతి దెబ్బకల్లా ఖాళీ చేసి వెళ్లిపోతూ. పట్టుకుందామంటే దొరకడు.

నేను మోచేతిని ఒక అంగుళం జరిపాను. ఆయన చెయ్యి వచ్చి దాని మీద వాలింది, తనదే అన్నట్టు. ఇంకో అంగుళం జరిపాను. మీ రేకు గీరింది అప్పుడే.

తెర మీదేమో శంకరశాస్త్రి వేషంలో జె.వి. సోమయాజులు. ఆయన నాటకాలు ఆడుతూ డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన మనిషి. రెవెన్యూ శాఖ! పక్కనే లాయరు స్నేహితుడిగా అల్లు రామలింగయ్య. అధికారీ ఉన్నాడు, ప్లీడరూ ఉన్నాడు, కళ్లెదుట నాలుగంగుళాల హద్దు తగాదా నడుస్తోంది. ఇద్దరూ సంగీతం గురించే మాట్లాడుకున్నారు.

సరే, యుద్ధంతో కానిది కళతో సాధిద్దామని నేనూ తాళం మొదలుపెట్టాను. ఎరువుల కొట్టు నడుపుకునే నాకు తాళమేమిటని మీరనొచ్చు. ఆ పాటలు పాడిన బాలు కూడా శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్న మనిషి కాదు. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ దగ్గర సహాయకుడిగా ఉన్న పుహళేంది కూర్చోబెట్టి నేర్పిస్తే పాడి, దేశంలోనే ఉత్తమ గాయకుడిగా అవార్డు తెచ్చుకున్నాడు. ఆ సినిమాకే మహదేవన్‌కీ వాణీ జయరామ్‌కీ కూడా జాతీయ అవార్డులొచ్చాయి. బాలుకి పుహళేంది ఉన్నాడు. నాకు ధైర్యం ఉంది. అది చాలదని కాసేపట్లోనే తెలిసింది.

“బాబూ,” అన్నారు మాస్టారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా, “ఎడం చేత్తో తాళమేమిటి?”

“కుడి పక్క మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు ఉందండీ.”

ఆయన మొదటిసారి తల తిప్పి, నా మీదుగా తొంగి, ఆ బ్యాగు వైపు చూశారు. “సరే, అయితే కానీ” అన్నారు. పెళ్లయిన మనిషి.

ఇంకోచోట, మైసూరు వాసుదేవాచార్యుల ఖమాస్ రాగం కీర్తనని ఒక సంగీతం పంతులు వంకర్లు తిప్పి పాడుతుంటే శంకరశాస్త్రి చీవాట్లు పెట్టే ఘట్టం ఉంది కదా. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయన కొట్టలేదు. నా చేతి వంక చూశారు. నేను దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాను.

మీ తోటి చేతుల సంగతి కూడా చెప్పాలి, వాటికి నోరు లేదు కాబట్టి. ముందు వరసలో ఒకాయన మీలాంటి చేతి మీద మోచెయ్యి ఆనించి, ఫోను స్టాండు చేసి, వానలో శంకరశాస్త్రి పాడే పాటని డాలస్‌లో ఉన్న బావగారికి వీడియో కాల్లో చూపించాడు. అక్కడ శనివారం రాత్రి పది. అటునుంచి బావగారు, “బొమ్మ బావుంది, సౌండు రావట్లేదు” అని అరుస్తున్నాడు. ఆయన సౌండు మాత్రం మాకందరికీ వచ్చింది. వెనక వరసలో ఒకావిడకి పాటలన్నీ కంఠతా వచ్చు. వాణీ జయరామ్ కంటే అర క్షణం ముందుగా పాడుతోంది, తర్వాత మాట ఏమిటో ఈవిడ అందించకపోతే ఆవిడ మరిచిపోతుందేమో అన్నట్టు. మా బావమరిది సంగతి మరీ ఘోరం. పాట రాగానే సిగరెట్టుకి బయటికి పోవడం వాడికి ఇరవై ఏళ్ల అలవాటు. లేచాడు, ఇలా పోతే సినిమా మొత్తం బయటే చూడాలని తట్టింది, కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. ఆ తర్వాత వాడు లేవలేదు. అలా వాడు కూర్చుండిపోయిన సినిమా ఇదొక్కటే.

విశ్రాంతి. ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. కాఫీకి వెళ్తూ వెళ్తూ, పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి సీటు మీద వేసినట్టు, మీ మీద నా రుమాలు వేసి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి రుమాలు అక్కడే ఉంది. నేను విసిరింది ఉండలా. ఇప్పుడు నాలుగు మడతలు పెట్టి, అంచులు కలిపి, మీకు సరిగ్గా మధ్యలో ఉంది. మాస్టారు చేతులు ఒళ్లో ఉన్నాయి.

నేను కాఫీని మీ ముందున్న గుంటలో పెట్టి, గెలిచినవాడిలా మోచెయ్యి చాపుకుని కూర్చున్నాను. పాట మొదలైంది. ఏదో తక్కువైంది. సౌండు తగ్గించారేమో అనుకున్నాను. ఏసీ మోత ఎక్కువైందేమో అనుకున్నాను. కాసేపటికి వెలిగింది. ఆయన తాళం తొడ మీదికి మారింది. పంచె మీద పడిన దెబ్బకి చప్పుడేముంటుంది? మొదటి సగమంతా బాలు గొంతు కింద టక్కుమని మీ చెక్క మోగింది. నేను దాన్ని తిట్టుకుంటూనే విన్నాను. ఇప్పుడు పాట ఉంది, మృదంగం కూడా తెరలో వినబడుతోంది, మీరు మాత్రం మూగవారైపోయారు. అంత జనంలో నా ఒక్కడికే పాట గాల్లో తేలుతున్నట్టుంది.

రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాను. “మాస్టారూ, చెయ్యి ఇటు పెట్టండి” అన్నాను.

“పర్లేదు బాబూ, నీకు ఇరుకు.”

“నాకు లెక్క తప్పుతోందండీ.”

ఆయన పెట్టారు. అక్కడినుంచి మీ మీద రెండు చేతులు. తిప్పు వచ్చినప్పుడు నేను వేళ్లు ముడుచుకుని ఆయన చేతికి దారిస్తున్నాను, ఎద్దుల బండికి సైకిలు పక్కకి దిగినట్టు. ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తోంది. ఎప్పుడు వస్తుందో తెలియడమే తాళమని నాకెవరూ చెప్పలేదు.

చివరి కచేరీ మీకూ తెలుసు. పాడుతూ పాడుతూ శంకరశాస్త్రి గొంతు ఆగిపోతుంది, శిష్యుడు చిన్న కుర్రాడు ఆ పాటని అందుకుంటాడు. హాల్లో ముక్కులు ఎగబీల్చడం తప్ప చప్పుడు లేదు. వెనకావిడ కూడా పాడటం ఆపేసింది. మాస్టారు చెయ్యి మీ మీద అలాగే ఆగింది. కుర్రాడు అందుకున్నప్పుడు ఆ చెయ్యి లేవలేదు. నాకేమనిపించిందో, నేను వేశాను. దెబ్బ. చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. దెబ్బ, తిప్పు. ఎక్కడా తప్పలేదు. ఆయన పెదాలు లెక్కపెట్టడం చీకట్లో కనబడుతోంది. ఏడో లెక్కకి దెబ్బ బ్రహ్మాండంగా పడింది. ఆ ఊపులో ఎనిమిదికి చెయ్యి తిప్పాను. ఎడం చెయ్యి కదా, తిరగడం ఆయన వైపు తిరిగింది. మీ గుంటలో మిగిలిన సగం కాఫీ వెళ్లి ఆయన తెల్ల పంచె మీద పడింది.

“ఎనిమిది” అన్నారాయన. అని, అప్పుడు పంచె దులుపుకున్నారు.

ఇట్లు,
ఎఫ్-12.

తా.క.: కుడి పక్క చేతి మీద మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు మొదటినుంచి చివరిదాకా కదల్లేదు. దాని మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదని మనవి.