ఇల్లు మోసుకొచ్చిన ప్రేక్షకుడికి పారితోషికం ఏది?

నాటకాల విషయంలో నాకు తెలిసిన న్యాయం ఒక్కటే. ఆడేవాడు ఊళ్ళు తిరగాలి, చూసేవాడు ఇంట్లో అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చోవాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సమాజం వాళ్ళు తరతరాలుగా చేసింది అదే. తెరలు, కిరీటాలు, గదలు, వంటగిన్నెలు, చంటిపిల్లలు, అన్నీ ఎత్తుకుని ఊరూరా తిరిగి డేరాలేశారు. జనం టికెట్టు కొని చూశారు. ఎవరి కష్టానికి తగ్గ డబ్బు వాళ్ళకి చేరింది.

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో బ్రాన్సన్ అనే ఊళ్ళో ఈ న్యాయాన్ని తలకిందులు చేసేశారు. అక్కడ ఆడేవాడు సొంత థియేటరు కట్టుకుని కదలకుండా కూర్చుంటాడు. చూసేవాడే మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, మరుగుదొడ్డితో సహా ఇంటిని చక్రాల మీద పెట్టుకుని, వందల మైళ్ళు నడుపుకుంటూ వచ్చి, పైగా టికెట్టు కూడా కొనుక్కుంటాడు. ఇంత అన్యాయం జరుగుతున్నా ఎవరూ ఒక్క అర్జీ పెట్టినట్టు లేదు కాబట్టి ఆ బాధ్యత నేను నెత్తిన వేసుకుంటున్నాను.

ముందు నేరం ఎలా జరిగిందో చూద్దాం. బ్రాన్సన్ ఓజార్క్ కొండల్లో ఉంటుంది, 2020 లెక్కల ప్రకారం జనాభా పదమూడు వేలు కూడా లేదు. మన దగ్గర అయితే ఆ జనానికి ఒక టాకీసు, అదీ వర్షం వస్తే కారేది, ఉంటే గొప్ప. వీళ్ళేమో మా థియేటర్లలో కుర్చీలు న్యూయార్కు నాటకశాలల పేట బ్రాడ్‌వే కంటే ఎక్కువ అని గర్వంగా చెప్పుకుంటారు. 1950ల చివర్లో వైట్ నది మీద టేబుల్ రాక్ డ్యాము కట్టారు, చెరువంత అనుకున్నది సముద్రమంత అయింది, చేపలు పట్టేవాళ్ళు వచ్చారు. పగలంతా గాలం వేసినవాడికి సాయంత్రం ఏం తోస్తుంది? 1959లో మేబ్ అనే ఇంటిపేరున్న నలుగురు అన్నదమ్ములు తొట్టి, బట్టలు రుద్దే రేకు, జంతువు దవడ ఎముక, ఇలా చేతికి దొరికినవన్నీ వాయించి, బాల్డ్‌నాబర్స్ పేరుతో వాళ్ళని నవ్వించడం మొదలుపెట్టారు. 1967లో ప్రెస్లీ కుటుంబం 76వ నంబరు హైవే పక్కన మొదటి థియేటరు కట్టింది. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీకి వీళ్ళు ఏమీ కారు, ఆ అనుమానం ఉంటే ఇక్కడే వదిలేయండి. పాట నడవకపోతే పడవలు పెట్టుకునే షెడ్డుగా మార్చుకునేలా ఆ కట్టడం కట్టారట. నాకు ఈ ముందుచూపు బాగా నచ్చింది. మన వాళ్ళు సినిమా తీసే ముందు గోడౌను ప్లాను కూడా గీయించుకుని ఉంటే ఎన్ని కుటుంబాలు నిలబడేవో.

తర్వాత పెద్ద పేర్లు దిగాయి. 1991లో 60 మినిట్స్ టీవీ కార్యక్రమం ఊరిని దేశమంతటికీ చూపించింది, 1992లో గాయకుడు ఆండీ విలియమ్స్ తన థియేటరు తెరిచాడు. జీవితమంతా బస్సుల్లో పడుకుని నడుములు పోగొట్టుకున్న గాయకులకి ఇంతకంటే ఏం కావాలి? పొద్దున ఇంట్లో కాఫీ, సాయంత్రం పాట, రాత్రికి సొంత మంచం. ఆ మిగిలిపోయిన ప్రయాణం ఊరికే ఎక్కడికి పోతుంది? ప్రేక్షకుడి మెడకి చుట్టుకుంది.

ఆ మెడల్లో నాదీ ఒకటి. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయిందని మా ఆవిడ, బండి నడిపే ఆసక్తితో నేను, కాన్సస్ సిటీ నుంచి నాలుగు రోజులకి 26 అడుగుల ఆర్వీ, అంటే ఆ చక్రాల ఇల్లు, ఒకటి అద్దెకి తీసుకున్నాం. దారి 200 మైళ్ళ పైచిలుకు. గ్యాలన్‌కి తొమ్మిది మైళ్ళు ఇస్తూ, ప్రతి మలుపులోనూ అలమరాలో స్టీలు గిన్నెలు తాళం వేస్తుంటే, కొండ ఎక్కేటప్పుడు వెనక ఇరవై కార్లు బారు తీరుతుంటే, పెళ్ళి ఊరేగింపులో గుర్రం మీద కూర్చున్న ముసలి పెళ్ళికొడుకులా ఉంది నా పరిస్థితి. బండ్లు నిలిపే క్యాంప్ గ్రౌండు ఉన్న చోటి పేరు ఇండియన్ పాయింట్. ఆ పేరు చూసి మా ఆవిడ పప్పులు, కరివేపాకు ఇంట్లోనే వదిలేసింది, అక్కడ దొరక్కపోతాయా అని. అక్కడ దొరికేది చేపల ఎర.

ఆర్వీ జీవితం స్వేచ్ఛ అంటారు. ఆ స్వేచ్ఛకి కింద రెండు ట్యాంకులుంటాయి. బూడిదరంగుదాంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు, నల్లదాంట్లో ఏముంటుందో మీరే ఊహించుకోండి. నల్లదాన్ని ముందు ఖాళీ చెయ్యాలి, తర్వాత బూడిదరంగుది వదిలితే ఆ నీళ్ళతో గొట్టం కడుక్కుపోతుంది, ఈ వరస తప్పితే ఇక మీ ఖర్మ. మా నాన్నగారికి వీడియో కాల్‌లో ఇది చూపిస్తే, "ఇందుకా నిన్ను ఇంజనీరింగ్ చదివించింది" అన్నారు.

పక్క స్థలంలో నెబ్రాస్కా దంపతులు. డెబ్భై దాటారు, ఉన్న ఇల్లు అమ్మేసి ఆరేళ్ళుగా బండిలోనే కాపురం. ఇది మన వానప్రస్థమే కదా అని నేను గంభీరంగా అనబోతే మా ఆవిడ అడ్డుకుంది. వానప్రస్థంలో ఐస్ మెషీన్ ఉండదండీ అంది.

షోల సంగతికి వద్దాం. బ్రాన్సన్‌లో పొద్దున పదింటికి మార్నింగ్ షో, మధ్యాహ్నం మ్యాట్నీ, ఏడింటికో ఎనిమిదింటికో ఫస్ట్ షో. సెకండ్ షో అనే మాటే లేదు, ఎందుకంటే ఆ వేళకి హాల్లో సగం మంది బీపీ మాత్ర వేసుకుని పడుకోవాలి. పొద్దున పదింటికి ఒంటి నిండా తళుకులు కుట్టిన కోటు వేసుకుని విరహగీతం పాడాలంటే ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. ఎక్కడ చూసినా తెల్లజుట్టు. యాభై దాటిన నేను అక్కడ కుర్రాణ్ణి. ఒకావిడ నన్ను "స్కూలుకి సెలవా నాయనా" అన్నట్టే చూసింది.

అన్ని షోలకీ ఒక పద్ధతి ఉంది. ముందు ఫిడేలు, తర్వాత పళ్ళూడినట్టు నటిస్తూ వదులు ప్యాంటు వేసుకున్న పల్లెటూరి హాస్యగాడు. తోలుబొమ్మలాటలో కేతిగాణ్ణి చూసి పెరిగినవాడికి వీణ్ణి గుర్తుపట్టడం కష్టం కాదు, పాపం బంగారక్క ఒక్కతే తక్కువ. తర్వాత సైన్యంలో పనిచేసినవాళ్ళు లేచి నిలబడాలి, హాలంతా చప్పట్లు కొడుతుంది, అక్కడ మాత్రం నేను వెటకారం చెయ్యను. ఆ తర్వాత పెళ్ళిరోజుల వేలం. ఇరవై ఐదేళ్ళు దాటినవాళ్ళు? నలభై? యాభై? మా నెబ్రాస్కా పెద్దాయన యాభై రెండు దగ్గర చెయ్యెత్తాడు. ఆయన భార్య "యాభై మూడు" అని సరిదిద్దింది. హాస్యగాడు ఆ రాత్రి అంతకంటే పెద్ద నవ్వు తెప్పించలేకపోయాడు. విరామంలో పాడినవాళ్ళే బయట బల్ల వేసుకుని సీడీలు, టోపీలు అమ్ముతూ సంతకాలు పెడతారు. హరికథ మధ్యలో హారతి పళ్ళెం తిప్పినట్టే, కాకపోతే ఈ పళ్ళెంలో కార్డు గీకొచ్చు.

ప్రేక్షకుడి కష్టం తెలిసినవాడు ఆ ఊళ్ళో ఒక్కడే ఉండేవాడనిపిస్తుంది, జపాన్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఫిడేలు విద్వాంసుడు షోజీ టబూచీ. 2023లో పోయారు. ఆయన థియేటరులో పాట ఎంత ప్రసిద్ధమో మరుగుదొడ్డి అంత ప్రసిద్ధంగా ఉండేది, మగవాళ్ళ దాంట్లో బిలియర్డ్స్ బల్ల వేయించాడు. ఇంటర్వెల్‌లో ముక్కు మూసుకుని పరిగెత్తే జాతిలో పుట్టిన నేను ఈ సంగతి విని కాసేపు మౌనం పాటించాను.

ఇంకోచోట, గాయని డాలీ పార్టన్ గారి గుర్రాల ఆట చూస్తూ భోజనం. చెంచా, ఫోర్కు ఇవ్వరు, సూప్ గిన్నె ఎత్తుకుని తాగాలి, చిన్న కోడిని మొత్తంగా పెడతారు, చేత్తో తినాలి. చుట్టూ జనం ఇదేదో సాహసం అన్నట్టు కేరింతలు. ఆ డబ్బుకి మా అత్తగారు ఎంతమందికి చేత్తో తినడం నేర్పేదో లెక్కేసుకుంటూ నేను ఎముక చీకుతుంటే, ఎదుటి బల్ల వాళ్ళు నా పనితనం మెచ్చుకోలుగా చూశారు. అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది, ఇంతకీ షో ఎవరిది?

టికెట్లు తగ్గింపు ధరకి ఇస్తాం, రెండు గంటలు మేం చెప్పేది వినండి అనే కౌంటర్లు ఊరంతా ఉంటాయి. ఏడాదికి ఒక వారం ఉండేలా ఒక ఇంట్లో వాటా అమ్ముతారు. నెబ్రాస్కా దంపతులూ మాతోపాటే ఇరుక్కున్నారు. ఉన్న ఇల్లే అమ్మేసుకుని సుఖపడుతున్న మనిషికి యాభై రెండో వంతు ఇల్లు అంటగట్టాలని ఆ కుర్రాడు చెమటలు కక్కుతుంటే, నేను అక్కడ చూసిన కళాప్రదర్శనల్లో అత్యంత కష్టమైనది అదే అనిపించింది. పెద్దాయన శ్రద్ధగా అంతా విని, "చక్రాలుంటాయా?" అని అడిగాడు.

నా అర్జీకి అసలు ఆధారం మొదటి రోజు సాయంత్రమే దొరికింది. మా 26 అడుగుల బండిని రెండు ఓక్ చెట్ల మధ్య ఖాళీలోకి వెనక్కి పెట్టాలి. వెనక నిలబడి దారి చూపిస్తున్నది మా ఆవిడ. "రండి రండి రండి, ఆగండి! అయ్యో, మీ కుడి కాదండీ, నా కుడి!" నేను అద్దంలో చూస్తే ఆవిడ కనిపించదు, ఆవిడ కనిపిస్తే చెట్టు కనిపించదు. పావుగంటలో మేం పెళ్ళినాటి కట్నకానుకల దాకా వెళ్ళిపోయాం, అంతా తెలుగులోనే, అంతా కేకల్లోనే. బండి కుదుటపడి, ఇంజను ఆపి దిగితే, ఎదుటి వరసలో పదిమంది మడత కుర్చీలు వేసుకుని, చేతుల్లో చల్లటి సీసాలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. చప్పట్లు కొట్టారు. భాష అర్థం కాకపోయినా కథ అర్థమైందట. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు, కొత్త బండ్లు వచ్చే వేళ, వాళ్ళకి ఇదే కాలక్షేపమని తర్వాత తెలిసింది.

కాబట్టి నా డిమాండ్లు సమంజసమే. ఊరికి ఇల్లు మోసుకొచ్చే ప్రతి జంటకీ డీజిల్ ఖర్చు, దినభత్యం ఇవ్వాలి. వెనక్కి పెట్టేటప్పుడు జరిగే సంభాషణకి విడిగా పారితోషికం, చెట్టుకి గీసుకుంటే రెట్టింపు. విరామంలో మేం కూడా బల్ల వేసుకుని సంతకాలు పెట్టే హక్కు ఉండాలి.

నాలుగో రోజు ఈ అర్జీ ముసాయిదా రాసుకుంటూ బండిలో కూర్చుంటే, అయోవా నంబరు ప్లేటుతో మాదానికన్నా పొడవైన బండి ఒకటి మలుపు తిరిగింది. భర్త కిటికీలోంచి తల బయటపెట్టాడు, భార్య దిగి రెండు చేతులూ పైకెత్తింది. బయట నుంచి మా ఆవిడ కేక, "ఆ రాతలు తర్వాత, కుర్చీ తెచ్చుకుని తొందరగా రండి, పేర్లు పడుతున్నాయి!"