ధనుర్మాసంలో ముహూర్తం

పెళ్లెప్పుడయిందని పంతులుగారిని అడిగితే తిథి, వారం, నక్షత్రం చెబుతారు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి అవేవీ పట్టవు. దాని పంచాంగంలో ఏడాదికి ఒకటే ముహూర్తం, డిసెంబర్ 31. ఆ రోజుకి తాళి పడి ఉంటే ఏడాది పొడుగునా సంసారులే. జనవరి 2న పడితే పోయినేడంతా బ్రహ్మచారులే. మన లెక్కలో అది ధనుర్మాసం, శూన్యమాసం, ఏ పంతులూ చేయి పెట్టని రోజు. ఆ ముహూర్తబలం ఎలాంటిదో ఏప్రిల్లో రిటర్ను వేసేటప్పుడు తెలుస్తుంది.

అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి బెంగళూరు మారతహళ్లిలో. ఇద్దరికీ ఉద్యోగాలు, ఆమెకి వీసా స్లాట్ ఇంకా దొరకలేదు. "ఆవిడ ఇక్కడ లేదుగా" అని అబ్బాయి రిటర్నులో సింగిల్ అని టిక్కు పెట్టేస్తాడు. అది కుదరదు. భార్య ఏ ఖండంలో ఉన్నా పెళ్లయినవాడికి మామూలుగా రెండే దారులు: విడిగా వేయడం, కలిపి వేయడం. విడిగా వేస్తే ఆమె పన్ను నంబరు ఉండాల్సిన గడిలో ఎన్‌ఆర్‌ఏ అని మూడక్షరాలు రాస్తే సరి. నాన్‌రెసిడెంట్ ఏలియన్ అని. అత్తారింట్లో కూడా ఎవరూ అంత మాట అనరు.

కలిపి వేయాలంటే అమెరికా పన్ను చట్టంలోని 6013(జి) సెక్షను అనే రెండో పెళ్లి చేసుకోవాలి. "భార్యను కూడా అమెరికా రెసిడెంటుగా పరిగణించమని కోరుతున్నాం" అని ఒక కాగితం రాసి, పేర్లు, చిరునామాలు, నంబర్లు వేసి, ఇద్దరూ సంతకాలు చేసి మొదటి ఏడాది రిటర్నుకి జతపరచాలి. భజంత్రీలు అక్కర్లేదు. కానీ సప్తపదికన్నా ఇదే గట్టిది. హిందూ వివాహ చట్టంలో విడాకులు పుచ్చుకున్న జంట మనసు మారి మళ్లీ పెళ్లాడొచ్చు. ఈ ఎంపికని ఒకసారి రద్దు చేసుకుంటే ఆ జంటకి జన్మలో మళ్లీ లేదు.

మరెందుకు ఎగబడతారు? స్టాండర్డ్ డిడక్షన్ కోసం, అంటే లెక్కలడక్కుండా ఆదాయంలోంచి తగ్గించే మొత్తం కోసం. 2025 సంవత్సరానికి విడిగా వేస్తే 15,750 డాలర్లు, కలిపితే 31,500. "జాయింట్ కొట్టెయ్ బావా, రిఫండ్ వస్తుంది" అంటాడు రూమ్మేటు. మామగారిని అడిగితే అది కట్నం, ఐఆర్‌ఎస్‌ని అడిగితే అది టాక్స్ ప్లానింగ్. అడగడం వరకూ బాగానే ఉంటుంది. ఇచ్చేవాడు పెళ్లికూతురి స్త్రీధనం, అంటే ఆమె ఆదాయమంతా, లెక్క చూపించమంటాడు, ప్రపంచంలో ఎక్కడున్నా సరే.

జీతంతో పెద్ద పేచీ లేదు. పన్నెండు నెలల్లో 330 పూర్తి రోజులు అమెరికా బయట ఉన్నట్టు చూపిస్తే, ఫారం 2555 మీద 2025కి 1,30,000 డాలర్ల దాకా సంపాదన మినహాయింపు. లేదంటే ఇండియాలో కట్టిన పన్నుకి ఫారం 1116 మీద క్రెడిట్. చిక్కంతా క్యాలెండరుతో. మన ఫారం 16 ఏప్రిల్ నుంచి మార్చికి, వాళ్ల ఏడాది జనవరి నుంచి డిసెంబర్‌కి. కాబట్టి పన్నెండు పేస్లిప్పులు ముందేసుకుని కూడాలి. బెంగళూరులో రెండేళ్లకోసారి కంపెనీ మారకపోతే చుట్టాలు అనుమానంగా చూస్తారు కదా, మారినప్పుడు రిలీవింగ్ లెటర్ చేతికొస్తుంది, పాత పోర్టల్ లాగిన్ పోతుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి పేస్లిప్పులు అందులోనే ఉండిపోతాయి. చివరిరోజు లంచ్‌కి వెళ్లేముందే దించుకోవాలి.

పీపీఎఫ్ వడ్డీకి మన సర్కారు పన్ను లేదంటుంది. అక్కడ అది ఆదాయమే. ఇక మ్యూచువల్ ఫండ్లు. పదో తేదీన వెయ్యి, పదిహేనున రెండువేలు అంటూ పెట్టుకున్న ఆరు సిప్పులు ఐఆర్‌ఎస్ కంటికి ఆరు విదేశీ కంపెనీలు, పేరు పీఫిక్ (పాసివ్ ఫారిన్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ). ఒక్కో ఫండుకి ఒక్కో ఫారం 8621. కలిపి వేసినవాళ్లకి ఏడాది చివర అన్నిటి విలువా 50,000 డాలర్లు దాటకుండా, ఏదీ అమ్మకుండా ఉంటే మామూలుగా ఆ ఫారం తప్పుతుంది. అమ్మితే లాభాన్ని ఉంచుకున్న రోజులన్నిటి మీదా పరిచి, పాత ఏళ్ల వాటాకి అత్యధిక రేటు వేసి, పైన వడ్డీ కూడా వేస్తారు. ఫండ్లు గట్టిగా ఉన్న అమ్మాయి విడిగా ఉండడమే కాపురానికి క్షేమం. జీతం, చిన్న ఎఫ్‌డీ తప్ప ఏమీ లేకపోతే కలపొచ్చు.

ఇంకో వింత. రిటర్నుతో వెళ్లే, విదేశీ ఆస్తులు చూపే ఫారం 8938 లెక్కలో ఆమె ఖాతాలూ కలుస్తాయి. విదేశీ ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే వేసే ఎఫ్‌బార్ అనే నివేదికకి మాత్రం 6013(జి) పెళ్లి చెల్లదు, అక్కడ ఆమె ఇంకా పరాయి పిల్లే. అలాగని ఆయన పేరు కూడా ఉన్న జాయింటు ఖాతా తప్పించుకోదు, అందులో ఆమె జీతమే పడుతున్నా ఆయన ఎఫ్‌బార్‌లో మొత్తం చూపాలి.

మన ఆదాయపు పన్ను శాఖకి మొగుడూపెళ్లాల ఉమ్మడి రిటర్ను అనేదే లేదు. అయితే ఆయన పంపిన డబ్బుతో ఆమె ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీ ఆయన ఆదాయంలో కలుస్తుంది, క్లబ్బింగ్ అని. ఆ వడ్డీ మీద వచ్చే వడ్డీ మాత్రం ఆమెది. అమెరికా సంతకం పెట్టించుకుని కలుపుతుంది. మనవాళ్లకి ఆ మర్యాదలు లేవు.

చివరి ఘట్టం ఐటిన్, సోషల్ సెక్యూరిటీ నంబరు రానివాళ్లకి ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను నంబరు. కలిపి వేయాలంటే ఆమెకి ఆ నంబరు కావాలి, దానికి డబ్ల్యూ-7 ఫారం, అందులో కారణం 'ఇ' గడి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లకి చివర కావాలి, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నంబరు వచ్చేదాకా ఈ-ఫైలింగ్ లేదు. డబ్ల్యూ-7 పైన, రిటర్ను కింద పెట్టి కాగితాల కట్ట టెక్సాస్‌లోని ఆస్టిన్‌కి పోవాలి. ప్రైవేటు కొరియరు పోస్టుబాక్సుకి చేరదు, దానికి వేరే వీధి చిరునామా ఉంది, చూసి రాయాలి.

బెంగళూరులో ఏ కోర్టు బయట నిలబడినా నోటరీ ముద్ర ఐదు నిమిషాల పని. అద్దె ఒప్పందానికి పనికొచ్చే ఆ ముద్ర ఇక్కడ పనికిరాదు. పాస్‌పోర్టు జారీ చేసినవాళ్లు ధ్రువీకరించిన నకలు కావాలి, లేదా ఐఆర్‌ఎస్ గుర్తించిన సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంటు అసలు పాస్‌పోర్టు చూసి ధ్రువీకరించాలి. అతని ఫీజు దండగని ఆదా చేసే అల్లుళ్లు అసలు పాస్‌పోర్టే పంపించమంటారు. ఐటిన్‌కి ఏడు వారాలు, జనవరి మధ్య నుంచి ఏప్రిల్ దాకా అయితే తొమ్మిది నుంచి పదకొండు.

సరిగ్గా ఆరోవారంలో చెన్నైలో వీసా స్లాట్ దొరుకుతుంది. పాస్‌పోర్టు ఆస్టిన్‌లో ఉంటుంది.