కళ్లు శాంక్షన్ చేసే దొరగారికి ఒక అర్జీ

మహారాజశ్రీ ఐలెస్ జన్యువు గారికి,

దామలచెరువు దగ్గర తోతాపురి తోట ఉన్న రైతు రాసుకున్న అర్జీ.

అయ్యా, మా తోటలో కుళ్లిన కాయల మీద ముసిరే చిన్న ఈగలోనే మీ కొలువు. పచ్చికాయలో గుడ్లు పెట్టి మా కొంప ముంచే పండుఈగ వేరు, ఆ కేసు మీ మీద పెట్టను. తిరుపతిలో జువాలజీ చదివే మా అమ్మాయి మీ ఈగను మైక్రోస్కోప్ కింద చూపించింది. ఒక్కో ఎర్రకంట్లో దాదాపు 750 బుల్లి కళ్లు, వరస తప్పకుండా, నడుమ నడుమ సన్నటి వెంట్రుకలు. మా పంచాయతీలో ఇంత నీటుగా జరిగిన పని నేను చూళ్లేదు.

మీపైనా ఒక సారు ఉన్నారట, ట్విన్ ఆఫ్ ఐలెస్ అనే ఇంకో జన్యువు. ఈగ పిండంగా ఉన్నప్పుడే ఆయన సంతకం పడితే గానీ మీ ఫైలు కదలదు. మీ కింద సైన్ ఆక్యులిస్, ఐస్ ఆబ్సెంట్ అని ఇద్దరు జన్యువులు. వాళ్లు పని చేస్తూనే మళ్లీ మిమ్మల్ని తట్టి లేపుతుంటారట. కిందివాళ్లు పైవాళ్లను నిద్ర లేపే ఆఫీసు ఇదొక్కటే అనుకుంటా!

1995లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గేరింగ్ అనే శాస్త్రవేత్త గారి ల్యాబులో మిమ్మల్ని ఈగ కాళ్లలో, రెక్కల్లో, మీసాల్లో డ్యూటీకి దించారు. అక్కడల్లా ఎర్రటి కళ్లు మొలిచాయి. ఎలుక నుంచి మీ దాయాది జన్యువు పాక్స్6ను తెచ్చి పెట్టినా ఈగలో ఎలుక కన్ను రాలేదు, ఈగ కన్నే వచ్చింది. అమ్మాయికి ఇదో పెద్ద వింత. నాకేం కాదు. ఆర్డరు ఎక్కడి నుంచి వచ్చినా కింది స్టాఫు తమకు చేతనైన పనే చేస్తారని ఆఫీసుల చుట్టూ తిరిగిన ఏ రైతునడిగినా చెబుతాడు.

మనుషుల్లోనూ మీ దాయాదే డ్యూటీలో ఉన్నాడు. రెండు కాపీల్లో ఒకటి చెడితే కంటిపాప చుట్టూ ఉండే రంగుపొర సరిగా రాదట. అంత పలుకుబడి ఉన్నవారు కాబట్టే అడుగుతున్నా. సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల లైను కదలదు. కాయ లోడు మీదే మెత్తబడుతుంది, మెత్తబడిందని రేటు కోస్తారు. కాటా వేసే చేతికి ఒక కన్ను, రేటు రాసే వేలికి ఒకటి, గేటుకు వీపు తిప్పి కూర్చునే మేనేజరు వీపుకు ఒకటి శాంక్షన్ చేయించండి.

ఈగ కన్నయినా సర్దుకుంటాం సామీ.

చిత్తగించవలెను,
లైనులో ఉన్న రైతు