మహారాజశ్రీ 'ఆధారంగా' గారికి

మహారాజశ్రీ 'ఆధారంగా' గారి దివ్య సముఖానికి,

ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, పోయిన ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదున్నర దాకా తప్ప. మీ క్షేమం గురించి వేరే అడగక్కర్లేదు. తెర మీద రెండు సెకన్లు మెరిసి, 'ఫలానా వారి నవల ఆధారంగా' అని ఒక ముక్క చెప్పి, ఆ తర్వాత జరిగే ఘోరానికీ మీకూ ఏ సంబంధమూ లేనట్టు పక్కకి తప్పుకుంటారు. పెళ్లి కుదిర్చి, భోజనం చేసి, తాళి కట్టేలోపే బస్సెక్కేసిన పేరయ్యలాగా. మీకేం కష్టం?

మా మేనకోడలికి 12 ఏళ్లు. ఈ సెలవుల్లో దానికి నా అల్మరాలోంచి ఒక పాత పుస్తకం తీసిచ్చాను. అర్సులా లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. కాలేజీ రోజుల్లో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఆదివారం ఎండలో గంటసేపు గుట్టలు తవ్వితే దొరికింది. దాన్ని పిల్ల మూడు రోజుల్లో మింగేసింది. అన్నం తింటూ చదివింది, ఒక పేజీ మీద పప్పుచారు మరక కూడా వేసింది. నేను నోరెత్తలేదు. పుస్తకాల మీద మరకలకి నేను ఎంత గొడవ చేస్తానో మా ఇంట్లో అందరికీ తెలుసు, కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

నాలుగోరోజు వచ్చి, పెద్ద రహస్యం చెబుతున్నట్టు అంది: "మావయ్యా, గెడ్ మనలాగే ఉంటాడు."

అవును, ఉంటాడు. ఆ పుస్తకంలో హీరో, మంత్రగాడు గెడ్. అతని ఒంటి రంగు ఎరుపు కలిసిన గోధుమ రంగు, రాగి చెంబు రంగు. అతని ప్రాణస్నేహితుడు వెచ్ ఇంకా నలుపు. ఆ లోకంలో తెల్లవాళ్లూ ఉన్నారు, కార్గులని. మొదటి అధ్యాయంలో ఓడలేసుకొచ్చి ఊళ్లు తగలబెట్టేది వాళ్లే. ఇదంతా ఆవిడ పొరపాటున రాయలేదు. మంత్రగాడంటే తెల్లగానే ఎందుకుండాలని కావాలనే రాశారు. అట్ట మీద బొమ్మ వేసేవాళ్లతో కూడా దీని గురించి ఏళ్ల తరబడి పోట్లాడారు.

ఇక మా పిల్ల సంగతి. అమ్మమ్మ ప్రతి ఆదివారం పొద్దున్నే నలుగు పెడుతూ, "ఎండలో తిరిగి ఎలా నల్లబడ్డావో చూడు" అని దాని మోచేతులు తోమిందే తోముతుంది. అదే చేతులతో ఆ పిల్ల ఆ పుస్తకం పట్టుకుని చదివింది. అదీ విషయం.

"దీనికి సినిమా ఉందా మావయ్యా?" అంది. ఉందన్నాను. నా నోరు పడిపోనూ.

మామిడికాయ ముక్కల మీద ఉప్పూ కారం చల్లుకుని, పరదాలు వేసుకుని కూర్చున్నాం. 2004లో అమెరికాలో ఒక టీవీ ఛానెల్ తీసిన సిరీస్, రెండు భాగాలు కలిపి దాదాపు మూడు గంటలు. తమరు దర్శనమిచ్చారు. పిల్ల చప్పట్లు కొట్టింది. అవును సార్, మీకే కొట్టింది. మీ రెండు సెకన్ల జీవితంలో మీకు చప్పట్లు కొట్టిన జీవి బహుశా అదొక్కటే. అందుకే చెబుతున్నాను.

తర్వాత తెర మీదకి ఒక తెల్లబ్బాయి వచ్చాడు.

"ఎవరు మావయ్యా ఇతను?"

"గెడ్."

"కాదు."

కాసేపు ఆగి, ఒక ముక్క నమిలి, ఆశగా అడిగింది: "ఎవరైనా మంత్రం పెట్టారా? తర్వాత మళ్లీ మామూలైపోతాడా?"

దీనికి నేనేం చెప్పాలి, మీరే సెలవివ్వండి. మూడు గంటలూ అది ఆ మంత్రం ఎప్పుడు విరుగుతుందా అనే చూసింది. ఇంకో తమాషా. గురువు ఓజియన్‌గా నల్లజాతి నటుడు డానీ గ్లోవర్‌ని పెట్టారు, సంతోషం. మొత్తం కథలో నిజంగా తెల్లగా ఉండాల్సిన పిల్ల తెనార్. ఆమె పాత్రకి మాత్రం తల్లి వైపు చైనా మూలాలున్న నటిని తెచ్చారు. అంటే ఎవరు ఏ రంగో పుస్తకంలో చూశారు, చూసి మరీ తప్పు రాశారు. పక్కవాడి పేపర్ చూసి కూడా తప్పు రాసేవాణ్ని మా స్కూల్లో బెంచీ ఎక్కించేవాళ్లు.

మా దేశంలో మీ పేరుతో ఒక కార్డు ఉంది లెండి, ఆధార్ అని. అందులో ఫోటో చూసి సొంత తల్లి కూడా "ఎవరే ఇతను?" అంటుంది. అయినా ఆ కార్డు మా పేరు మాత్రం మార్చదు. సరే, అదీ మారుస్తుందనుకోండి, స్పెల్లింగు. కానీ నా పేరు తీసుకెళ్లి ముద్దుపేరు గడిలో, ముద్దుపేరు తెచ్చి అసలు పేరు గడిలో వేయదు.

ఇక్కడికొచ్చాం కదా, ఇప్పుడు అసలు గొడవ.

ఆ పుస్తకమంతా ఒక పేరు మీద నిలబడి ఉంటుంది సార్. ఆ దీవుల్లో ప్రతి మనిషికీ రెండు పేర్లు. ఊరంతా పిలవడానికి ఒకటి. అసలు పేరు ఇంకొకటి, ప్రాణం మీదికొచ్చినా బయటపెట్టనిది, ఎందుకంటే అది తెలిసినవాడి చేతిలో నీ ప్రాణం ఉన్నట్టే. మేకలు కాసుకునే తల్లిలేని పిల్లవాడు, 13 ఏళ్లు నిండిన రోజున చన్నీళ్ల సెలయేరు దాటుతాడు. వణుకుతూ, అయినా వంగకుండా, నెమ్మదిగా దాటుతాడు. అవతలి గట్టు మీద ఓజియన్ చెయ్యి చాచి, మోచెయ్యి పట్టుకుని, చెవిలో చెబుతాడు: గెడ్. అంతే. డప్పులూ మెరుపులూ ఏమీ లేవు. బియ్యంలో పేరు రాయించే తండ్రి వేలూ, చెవిలో మంత్రం చెప్పే గురువు గొంతూ తెలిసిన మనకి ఆ సీన్ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత అతన్ని లోకమంతా 'డేగ' అనే పిలుస్తుంది. స్పారోహాక్.

కొన్నాళ్లకి అతను పొగరుతో చేయకూడనిది చేసి, చావు తప్పి, మొహం మీద మచ్చలతో, ఎవరూ పలకరించని స్థితిలో పడతాడు. అప్పుడు వెచ్ వచ్చి ఏం ఇస్తాడు? డబ్బు కాదు, ధైర్యం కాదు. తన అసలు పేరు చెబుతాడు: ఎస్టారియల్. నన్ను చంపగల ఆయుధం నీ చేతిలో పెడుతున్నాను అని దానర్థం. నాకు 40 దాటాయి, ఆ పేజీ దగ్గర ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. నవల ఆఖరున కూడా గెలుపంతా ఒక్క మాటలో ఉంది, ఆ మాట కూడా పేరే. ఎవరి పేరో చెప్పను, చదవనివాళ్ల పాపం నాకెందుకు.

మరి మీ సిరీస్‌లో? ఊరంతా 'గెడ్, గెడ్' అని అరుస్తుంటారు. పరమ రహస్యంగా చెవిలో చెప్పేది ఏమిటయ్యా అంటే, 'స్పారోహాక్'!

తిరగేశారు. తిరగేశావ్! మూడు గంటల సినిమా, అంతమంది మనుషులు, అంత డబ్బు, ఒక్కడంటే ఒక్కడు పుస్తకం తెరిచి చూసుకోలేదా? పోనీ కథకి పనికొస్తుందని మార్చావా, దానికీ కాదు. ఖర్చు తగ్గించడానికా? రెండు పేర్లూ తిరగేస్తే ఏం ఖర్చు తగ్గుతుంది? రెండున్నర గంటలప్పుడు మా పిల్ల లేచి నిలబడి "వీళ్లకి చదవడం రాదా మావయ్యా?" అని అరిచింది. నేనూ అరిచాను. వంటింట్లోంచి మా అమ్మ, ఎవరికో ఏదో అయిందనుకుని, గరిటతో పరుగెత్తుకొచ్చింది. దానికి పేరెందుకు వాడుకున్నావ్? నీ కథ నువ్వు రాసుకోవచ్చుగా? ఎర్త్‌సీ అనకుండా ఇంకేదైనా సముద్రం పేరు పెట్టుకుంటే ఎవరు కాదన్నారు?

క్షమించాలి. మర్యాద తప్పాను. మంచినీళ్లు తాగొచ్చాను.

లె గ్విన్ గారు నాకంటే మర్యాదస్తురాలు, అయినా ఊరుకోలేదు. 2004 డిసెంబర్‌లోనే 'స్లేట్' పత్రికలో ఏకిపారేశారు. ఒప్పందంలో ఆవిణ్ని 'కన్సల్టెంట్' అన్నారు. ఆ మాటకి నిర్మాతలు ఏ అర్థం కావాలంటే ఆ అర్థమనీ, మామూలుగా ఏ అర్థమూ ఉండదనీ ఆవిడే రాశారు. శుభలేఖలో పేరు వేసి భోజనానికి పిలవకపోవడం అన్నమాట. పైగా ఆ పుస్తకాల్లో ఆవిడ ఉద్దేశమేమిటో దర్శకుడే లోకానికి వివరించాడు. ఆవిడ అప్పటికి బతికే ఉన్నారు. ఫోన్ చేస్తే పలికేవారు.

రెండేళ్లకి, 2006లో, జపాన్ వాళ్లూ ఇదే ఎర్త్‌సీ మీద బొమ్మల సినిమా తీశారు. పేరున్న దర్శకుడు, తండ్రి హయావో మియజాకి తీస్తారనుకుంటే కొడుకు గోరో తీశాడు, అదే అతని మొదటి సినిమా. చూసి బయటికొచ్చాక నచ్చిందా అని అతను అడిగితే ఆవిడ అన్నారు: "అది నా పుస్తకం కాదు. మీ సినిమా. మంచి సినిమా." కొత్త కోడలి సాంబారుకి పెద్ద అత్తగారు చెప్పే మాటలా లేదూ?

మీ మిగతా నిర్వాకాలు ఒక్కొక్కటిగా ఎత్తితే ఈ ఉత్తరానికి స్టాంపులు చాలవు. టోల్కీన్ 'హాబిట్' 300 పేజీల పిల్లల పుస్తకం. దాన్ని మూడు సినిమాలుగా, దాదాపు ఎనిమిది గంటలు సాగదీశారు. పిడికెడు మినప్పప్పుతో మూడు పెళ్లిళ్లకి గారెలు. మూడోది మొత్తం యుద్ధమే. పుస్తకంలో ఆ యుద్ధం మధ్యలోనే హీరో బిల్బో తలకి రాయి తగిలి స్పృహ తప్పి పడిపోతాడు. థియేటర్లో నేనూ సరిగ్గా ఆ అదృష్టం కోసమే ఎదురుచూశాను.

సైన్స్ ఫిక్షన్ రచయిత అసిమోవ్ సంగతి ఇంకా అందం. యంత్రాలు మనిషి మీద తిరగబడే కథలు విసుగొచ్చే ఆయన రోబో కథలు రాశారు. 2004లో సినిమాకి ఆయన పుస్తకం పేరే, 'ఐ, రోబోట్' అని పెట్టి రోబోల చేత తిరుగుబాటే చేయించారు. అక్కడ తమరు రావడానికి కూడా మొహమాటపడ్డారు, తమ్ముణ్ని పంపారు: పుస్తకం ఆధారంగా కాదు, పుస్తకం 'సూచనతో' అని వేశారు. కనీసం వాడికి సిగ్గుంది. ఇక 1992లో వచ్చిన 'లాన్‌మోవర్ మ్యాన్' సినిమా మీద నుంచి తన పేరు తీసేయించుకోవడానికి రచయిత స్టీఫెన్ కింగ్ కోర్టుకెక్కి గెలవాల్సి వచ్చింది. మా దగ్గర రచయితలు పేరు వేయించుకోవడానికి కోర్టుకెళ్తారు. మీరు దాన్ని కూడా తిరగేశారు.

అలాగని నేను పుస్తకం పట్టుకుని థియేటర్లో పేజీలు సరిచూసే రకం కాదు. ఫిలిప్ కె. డిక్ నవల 'డూ ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?' కాస్తా 'బ్లేడ్ రన్నర్' సినిమా అయినప్పుడు అందులో కరెంటు గొర్రె ఎగిరిపోయింది. నవల పేరులోనే ఉన్న గొర్రె! హీరో ఇంటి పైకప్పు మీద బొమ్మ గొర్రెని పెట్టుకుని, నిజం గొర్రె అని ఇరుగుపొరుగుని నమ్మించడం ఎంత బాగుంటుందో. అదీ పోయింది. ఆ సినిమా పేరు కూడా వేరే ఎవరో రాసిన పుస్తకం నుంచి తెచ్చుకున్నది. అయినా ఏమీ అనను, ఎందుకంటే ఆ వానలో, ఆ నియాన్ దీపాల కింద, ఎవరు మనిషి, ఎవరు కాదు అన్న ప్రశ్న అలాగే మిగిలింది. డిక్ కూడా కొన్ని నిమిషాల ముక్కలు చూసి మురిసిపోయారు. పూర్తి సినిమా 1982 జూన్‌లో వచ్చింది, ఆయన మార్చిలోనే పోయారు. మీ మీద నాకు ఎప్పుడైనా జాలి కలిగితే అది ఇక్కడే.

ఇంకో నిజం కూడా ఒప్పుకుంటాను, ఎవరికీ చెప్పకండి. టోల్కీన్‌ని నేను చదివింది సినిమా చూశాకే. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటి సినిమా 'ఫెలోషిప్' చూసి, ఫ్రెండ్ దగ్గర ఆ ఇటుకరాయంత పుస్తకం అడిగి తెచ్చుకున్నాను, ఇప్పటికీ తిరిగివ్వలేదు. పుస్తకంలో ఉన్న టామ్ బాంబడిల్ అనే పాత్ర సినిమాలో లేడని చదివాకే తెలిసింది, తెలిసి కూడా బాధపడలేదు. 'పాతాళ భైరవి'కి మూలం కాశీ మజిలీ కథల్లో ఉందంటారు, ఏనాడైనా పక్కన పెట్టి సరిచూశానా? తోట రాముడు తెర మీదకొస్తే నాకు మూలమూ గుర్తుండదు, మీరూ గుర్తుండరు. గొర్రెని తీసేయండి, బాంబడిల్‌ని తీసేయండి, మేం చూసుకుంటాం. ఇంటికి రంగులు మార్చుకున్నా, అరుగు పడగొట్టినా పర్లేదు. దూలం లాగితే ఎలా?

అదీ నా మొర. మిమ్మల్ని నమ్మొద్దని పిల్లకి చెబుదామనుకున్నాను. నేను చెప్పేలోపే అది టీవీ కట్టేసి, ఇంకా పావుగంట మిగిలి ఉండగానే పుస్తకం తీసుకుని మేడ మీదికి పోయింది. సాయంత్రం దిగొచ్చి, అమ్మమ్మ వినకుండా నా చెవి దగ్గర నోరు పెట్టి ఒక పేరు చెప్పింది. తనకి తనే పెట్టుకుందట. బదులుగా నా అసలు పేరు అడిగింది. చెప్పాను.

మీకు మాత్రం చెప్పను. చెబితే తిరగేస్తారు.

ఇట్లు,
ఊరంతా పిలిచే పేరుతో,
మావయ్య